ఒకే రొట్టె, ఒకే పాత్ర

క్రైస్తవ ఆరాధనలో అతి ముఖ్యమైనది ప్రభురాత్రి భోజన సంస్కారం. పల్లెల్లో దీనిని 'బల్ల' అంటారు. కథోలికులు 'దివ్య సత్ప్రసాదం' అంటారు. చూడటానికి చిన్న రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం. కాని ఒకరి ఇంట ఒకరు మంచినీళ్లు ముట్టని రోజుల్లో ఈ బల్ల తెచ్చిన మార్పు చిన్నది కాదు.

సిలువ వేయబడటానికి ముందు రాత్రి యేసు యెరూషలేములో శిష్యులతో కలిసి భోజనం చేశాడు. రొట్టె విరిచి ఇచ్చి అది తన శరీరమని, పాత్ర అందించి అది తన రక్తమని చెప్పాడు. తన జ్ఞాపకార్థం అలా చేస్తూ ఉండమన్నాడు.

తొలినాళ్లలోనే ఇందులో తేడాలు వచ్చాయి. గ్రీసు దేశపు కొరింథు సంఘంలో కలిగినవారు ముందుగా తిని తాగేవారు. లేనివారు ఆకలితో ఉండిపోయేవారు. బీదలను సిగ్గుపరిచే భోజనం ప్రభు భోజనం కాదని పౌలు లేఖ వ్రాసి మందలించాడు.

తెలుగు పల్లెల్లో అదే చిక్కు కులం రూపంలో ఎదురైంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఆ రెండు వాడల మధ్య సైతం కంచం పొత్తు లేదు. తర్వాత ఇతర కులాలవారూ వచ్చారు. అందరికీ బల్ల మాత్రం ఒక్కటే.

మిషన్ల మధ్య కూడా గోడలుండేవి. ఒకరి బల్లకు మరొకరు వెళ్లే వీలుండేది కాదు. 1919లో తరంగంబాడిలో అజరయ్య, మరికొందరు ఐక్యతకు పిలుపునిచ్చారు. ఆయన 1945లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలవారిని ఒకే బల్లకు చేర్చింది.

ఈ సంఘంలో సంస్కారం జరిపించేది అభిషేకం పొందిన గురువు. ఒక్క గురువు కింద అనేక గ్రామాలుంటాయి కనుక చాలా పల్లెల్లో ప్రతి ఆదివారం బల్ల ఉండదు. ముందుగా అందరూ పాపాలు ఒప్పుకుంటారు. ఒకరికొకరు చేతులందించి సమాధానం చెప్పుకుంటారు. తర్వాత మోకరించి రెండు చేతులూ చాపి రొట్టె అందుకుంటారు. మంచం పట్టినవారికి గురువే ఇంటికి తీసుకువెళ్లి ఇస్తారు.

ఇప్పుడు కొన్నిచోట్ల చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. కొన్నిచోట్ల రొట్టెను రసంలో ముంచి ఇస్తారు. 2020లో కరోనా వచ్చాక ఈ పద్ధతులు మరింత పెరిగాయి. గిన్నెలు వేరైనా ఫరవాలేదు. గుడిలో కలిసి పుచ్చుకున్నవారు పెళ్లిపంక్తిలో, వల్లకాటిలో విడిపోతేనే కొరింథు వారికి పడిన మందలింపు మనకూ వర్తిస్తుంది.