పెరటి దానిమ్మ కాయలు ఎందుకు చెడును?



సీతమ్మధార రైతు బజారుకు కూరగాయలు తెచ్చు రైతులు విశాఖపట్నములో బంధువుల ఇంటికి వెళ్ళినపుడు, పెరటి దానిమ్మ నుండి ఒక కొమ్మ తెచ్చుకొని తమ దొడ్డిలో నాటుట మామూలే. ఆ చెట్టు కాయలు చెడుచున్నచో, కొమ్మతో కూడ తెగులును తెచ్చుకొనుచున్నామేమో ముందుగా చూచుకొనవలెను. కాయ చెడుటకు కారణములు అనేకము. కొన్ని ఆ చెట్టుతోనే ఆగును. ఒకటి మాత్రము తోటనంతటిని పాడుచేయును.

దానిమ్మ పొడి గాలిని కోరు మొక్క. అనంతపురము వంటి మెట్ట ప్రాంతములలో బాగుగా పండును. సముద్రపు తేమ గాలి వీచు విశాఖలో దీనికి చిక్కులు ఎక్కువ. మందు కొనుటకు ముందు కాయను చేతిలోనికి తీసికొని ఈ క్రింది గుర్తులు చూడుడు.

1. పూత రాలుట: అడుగు సన్నగా, గంట వలె ఉన్నవి మగపూలు. అవి రాలుట సహజము. అడుగు లావుగా, కుండ వలె ఉన్న పూలే కాయలగును.

2. కాయ పగులుట: మచ్చ ఏదియు లేక తొక్క శుభ్రముగా ఉండి పగిలినచో అది తెగులు కాదు. చాల రోజులు ఎండగట్టిన పిదప ఒక్కసారిగా నీరు పెట్టినను, పెద్ద వాన కురిసినను, లోని గింజలు ఉబ్బి తొక్క పగులును. నీరు కొద్దికొద్దిగా, క్రమము తప్పక పెట్టి, పాదులో ఎండుటాకులు పరచవలెను. బోరాన్ లోపము వలన కూడ కాయ పగులును. అట్లయినచో లీటరు నీటికి 1 గ్రాము బోరాక్సు కలిపి చల్లవచ్చును.

3. కాయ పుచ్చుట: గుండ్రని రంధ్రము, అచ్చట పెంట, చెడు వాసన ఉన్నచో అది కాయతొలుచు పురుగు. ఒక జాతి సీతాకోకచిలుక పూల మీదను, లేత కాయల మీదను గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు లోనికి దూరి గింజలు తినును. దూరిన పిదప పైన చల్లిన మందు దానికి అందదు. కాబట్టి కాయ లేతగా ఉండగనే గుడ్డ సంచి కట్టవలెను. పుచ్చిన కాయలను, రాలిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను.

4. మచ్చ తెగులు: అన్నిటిలో ప్రమాదకరమైనది ఇదియే. కాయపై నూనె పడినట్లు మచ్చలు పుట్టి, నల్లబడి, మచ్చ మధ్యనే పగులు వచ్చును. ఆకులపై కూడ మచ్చలుండును. కణుపులు నల్లబడి కొమ్మలు విరుగును. ఇది బాక్టీరియా వలన వచ్చును. మన దేశములో 1952 లోనే గుర్తింపబడిన ఈ తెగులు, 2000 తరువాతి సంవత్సరములలో అనంతపురము, కర్ణాటక, మహారాష్ట్ర తోటలకు తీవ్రనష్టము కలిగించెను. వాన చినుకులు, కత్తెరలు, నాటు కొమ్మలు దీనిని వ్యాపింపజేయును.

తెగులు సోకిన కొమ్మలను మచ్చకు 2 అంగుళములు దిగువగా కోసి కాల్చవలెను. కాయలు కోసిన తరువాత, కొమ్మలు కత్తిరించి బోర్డో మిశ్రమము చల్లవలెను. మైలుతుత్తము 10 గ్రాములు, సున్నము 10 గ్రాములు చెరి అర లీటరు నీటిలో వేరువేరుగా కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయవలెను. మట్టి పాత్రయో, ప్లాస్టిక్ పాత్రయో వాడవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. తోమిన కత్తిని ముంచి చూచినపుడు ఎర్రని రాగి పూత అంటినచో ఇంకను సున్నము కావలెనన్నమాట. కలిపిన మిశ్రమమును ఆ రోజే వాడవలెను.

పగిలిన కాయను చూచి చెట్టు నరుకనక్కరలేదు. నల్లమచ్చ ఉన్న చెట్టు కొమ్మ ఎంత పచ్చగా కనిపించినను నాటరాదు. సందేహమున్నచో ఒక కాయను, కొన్ని ఆకులను సంచిలో మూసి, ఉద్యానశాఖ అధికారికి చూపి, పిమ్మట నాటుడు.