ఇంట గెలవాలంటే... ముందు ఇల్లెక్కడో తేలాలి!

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఫుట్‌బాల్‌లో ఈ మాటకి ఉన్నంత విలువ మరే ఆటలోనూ లేదేమో! ప్రపంచ కప్పుకో, ఆసియా కప్పుకో అర్హత సంపాదించాలంటే గ్రూపులోని ప్రతి జట్టుతోనూ మామూలుగా రెండేసి సార్లు ఆడాలి. ఒకసారి వాళ్ల దేశంలో, ఒకసారి మన దేశంలో. మన దేశంలో అంటే ఏ ఊళ్లో? చిక్కంతా అక్కడే వస్తుంది.

పెళ్లి మనింటి దగ్గరే అని మాట అనుకున్నాక అసలు తర్జనభర్జన మొదలవుతుంది చూడండి. సొంతూళ్లో చేస్తే మనవాళ్లంతా వస్తారు కానీ వియ్యాలవారికి దిగడానికి సరైన వసతి ఉండదు. పట్నంలో చేస్తే వసతులుంటాయి కానీ ధర్మవరంలో మగ్గం దింపి రావలసిన పెదనాన్న రాలేడు. ఫుట్‌బాల్ వేదిక ఎంపిక కూడా అచ్చం ఇంతే.

మగపిల్లల ఆట గొడవ మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. ఒక్క ఊరు పేరు మారితే మీ అమ్మాయి ఆ మ్యాచ్ కళ్లారా చూడగలదా, టీవీతో సరిపెట్టుకోవాలా అన్నది కూడా మారిపోతుంది.

ఎవరు నిర్ణయిస్తారు?

ఊరు పేరు ప్రతిపాదించేది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. సరేననాల్సింది ఆసియా సమాఖ్య. పచ్చిక సమంగా ఉండాలి, రాత్రి ఆటకి, టీవీ కెమెరాలకి సరిపోయే దీపాలుండాలి. రెండు జట్లకీ, రిఫరీలకీ వేరు వేరు గదులుండాలి. మంచి హోటళ్లు, ఆస్పత్రి, అందుబాటులో విమానాశ్రయం ఉండాలి. ఇవన్నీ ఉన్నా, ఖర్చులో చెయ్యి వేసే రాష్ట్ర ప్రభుత్వమో, స్థానిక సంఘమో ముందుకు రావాలి. జనం వస్తారన్న నమ్మకమూ ఉండాలి.

ఇక లోపాయికారీ లెక్కలు వేరు. ఎదుటి జట్టుకి ఇబ్బందిగా, మనకి హాయిగా ఉండే ఊరు ఏది? దక్షిణ అమెరికాలో బొలీవియా వాళ్లు ఏళ్ల తరబడి 3600 మీటర్ల ఎత్తున్న లాపాజ్‌లో ఆడేవారు. వచ్చినవాళ్లకి పది అడుగులు పరుగెత్తేసరికి ఆయాసం. ఎత్తయిన ఊళ్లలో ఇలాంటి మ్యాచ్‌లు వద్దని 2007లో ఫిఫా ఆంక్ష పెడితే ఆ దేశాధ్యక్షుడు ఎవో మొరాలెస్ నిరసనగా మంచుకొండ ఎక్కి మరీ బంతి ఆడారు! మరుసటి ఏడాదికల్లా ఆంక్ష అటకెక్కింది. ఇంటి బలం కోసం అంత పట్టుదల మరి.

మన మూడు ఊళ్ల సంగతి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. రైలు పట్టాల మీద వరసగా ఉన్న ఊళ్లు. పేరుకి ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పనులకి మాత్రం బెంగళూరు. పట్టుచీర బేరమైనా, పెద్దాస్పత్రి అయినా, పిల్లల ఇంజినీరింగు సీటయినా కాళ్లు అటే నడుస్తాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదో, అంతకు నాలుగు రెట్లు. కాబట్టి ఫుట్‌బాల్‌లో మనకి 'సొంత గ్రౌండు' రాష్ట్రం లెక్కన కాదు, రైలు టికెట్టు లెక్కన తేలుతుంది. అది బెంగళూరు కబ్బన్ పార్కు పక్కనున్న శ్రీ కంఠీరవ స్టేడియమే.

కంఠీరవకి మంచి రోజులున్నాయి. 2018 ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో 2015లో ఒమన్, ఇరాన్, గువామ్ జట్లతో మన ఇంటి మ్యాచ్‌లన్నీ అక్కడే. మొదటి రెండూ ఓడినా గువామ్ మీద గెలిచాం. 2017 జూన్ 13న కిర్గిజ్ జట్టు మీద సునీల్ ఛెత్రీ కొట్టిన ఒక్క గోలుతో గట్టెక్కాం. అదే ఏడు అక్టోబరు 11న మకావును 4-1తో ఓడించి, అదే మైదానంలో 2019 ఆసియా కప్పుకి అర్హత ఖాయం చేసుకున్నాం. 2023 జూలై 4న కువైట్‌ను పెనాల్టీల్లో ఓడించి దక్షిణాసియా కప్పు గెలిచిందీ అక్కడే. అక్కడ ఒక్క లోపం ఉంది. ఆట స్థలం చుట్టూ పరుగుల ట్రాకు ఉండడంతో గ్యాలరీకి ఆటగాళ్లు కాస్త దూరం. అయినా గొంతు చేరుతుంది.

ఊరూరా కాపురం

ఆ తర్వాత మన జట్టు కాపురం ఊరూరా తిరగడం మొదలైంది. లెక్క చూడండి. 2023 నవంబరులో ఖతార్‌తో భువనేశ్వర్‌లో: 0-3. 2024 మార్చిలో అఫ్గానిస్తాన్‌తో గువాహటిలో: 1-2. ఆ జూన్‌లో కువైట్‌తో కోల్‌కతాలో: 0-0. ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్ అని సాల్ట్‌లేక్ స్టేడియం నిండిపోయింది, గోలు మాత్రం రాలేదు. 2025 మార్చిలో, రిటైరైన ఛెత్రీ మళ్లీ వచ్చాక, బంగ్లాదేశ్‌తో షిల్లాంగ్‌లో: 0-0. అక్టోబరులో సింగపూర్‌తో గోవా మడ్గావ్‌లో: 1-2. దాంతో 2027 ఆసియా కప్పు ఆశ పోయింది.

రెండేళ్లలో అయిదు ఇంటి మ్యాచ్‌లు, అయిదు ఊళ్లు. ఒక్క గెలుపు లేదు. ఆ కాలంలో అర్హత పోటీల్లో మనం గెలిచిన ఒకే ఒక్కటి పరాయి గడ్డ మీద, కువైట్‌లో!

తప్పంతా ఊళ్లదే అంటే అన్యాయం. ఖతార్ ఎక్కడ పెట్టినా మనకంటే గట్టి జట్టే. కానీ 2017లో రెండు గెలుపులూ ఒకే మైదానంలో. 2022 జూన్‌లో కాంబోడియా, అఫ్గానిస్తాన్, హాంకాంగ్‌ల మీద వరసగా గెలిచిన మూడూ ఒక్క కోల్‌కతాలోనే. కొత్త పొయ్యి మీద మొదటిరోజే అట్లు బాగా రావని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గడ్డి, ఆ దీపాలు, ఆ గోల అలవాటు కావాలి కదా.

అటువైపు వాదన కూడా వినాలి. షిల్లాంగ్ సంగతే తీసుకోండి. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఈశాన్య రాష్ట్రాలు దేశానికి ఎందరు ఆటగాళ్లనిచ్చాయో లెక్క లేదు. అయినా ఆ ఊరు తమ గడ్డ మీద జాతీయ జట్టుని మొదటిసారి చూసింది 2025 మార్చిలోనే. ఎప్పుడూ ఒకే ఊరైతే మిగతావాళ్లు ఎప్పుడు చూడాలి? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. హిందూపురంలో కూర్చుని అడిగితే మరీ కాదు.

వాన దేవుడు మార్చిన వేదిక

తెలుగు గడ్డకీ ఇలాంటి కథ ఒకటుంది. 2008 ఆగస్టులో ఆసియా ఛాలెంజ్ కప్పు హైదరాబాద్‌లో జరిగింది. గెలిచినవాళ్లకి నేరుగా 2011 ఆసియా కప్పులో చోటు. మనవాళ్లు ఫైనల్ దాకా వచ్చారు. ఇంతలో హైదరాబాద్‌ని వానలు ముంచెత్తాయి. ఫైనల్‌ని ఉన్నపళంగా ఢిల్లీ అంబేడ్కర్ స్టేడియానికి మార్చారు. ఆగస్టు 13న తజికిస్తాన్ మీద ఛెత్రీ మూడు గోల్స్ కొట్టాడు, 4-1తో గెలిచాం. ఎస్.ఎ. రహీం లాంటి కోచ్‌ని, తులసీదాస్ బలరాం లాంటి ఆటగాణ్ణి దేశానికిచ్చిన జంటనగరాల వాళ్లు ఆ సంబరాన్ని టీవీల్లో చూసుకున్నారు. పందిరి మనది, తలంబ్రాలు మరొకరింట!

టికెట్టు కొన్నా తలుపు తియ్యలేదు

వేదిక మారితే ఆడవాళ్లకి ఏమవుతుందో తెలియాలంటే ఇరాన్ వైపు చూడాలి. దాదాపు నలభై ఏళ్లు అక్కడ మగవాళ్ల ఫుట్‌బాల్‌కి ఆడవాళ్లని రానివ్వలేదు. 2019లో మగవేషం వేసుకుని స్టేడియంలోకి వెళ్లబోయి పట్టుబడ్డ సహర్ ఖొదాయారీ అనే యువతి, జైలుశిక్ష పడుతుందన్న భయంతో కోర్టు బయట నిప్పంటించుకుని చనిపోయింది. ప్రపంచం భగ్గుమంది. ఫిఫా ఒత్తిడి పెరిగింది. ఆ అక్టోబరు 10న టెహ్రాన్ ఆజాదీ స్టేడియంలో కాంబోడియాతో ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్‌కి మూడు వేలమందికి పైగా ఆడవాళ్లు టికెట్లు కొనుక్కుని వెళ్లారు. ఇరాన్ 14-0తో గెలిచింది కానీ ఆ రోజు వార్త స్కోరు కాదు.

అక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. 2022 మార్చిలో లెబనాన్‌తో అర్హత మ్యాచ్‌ని టెహ్రాన్‌లో కాక మషద్‌లో పెట్టారు. టికెట్లు చేతపట్టుకుని వచ్చిన ఆడవాళ్లని గేటు దగ్గరే ఆపేశారు. కళ్లలో మిరియాల స్ప్రే కొట్టారు కూడా. దేశం ఒకటే, జట్టూ ఒకటే, మారింది ఊరు.

అదే ఇరాన్ జట్టు 2015 సెప్టెంబరు 8న బెంగళూరు కంఠీరవలో ఆడినప్పుడు, టికెట్టు ఉన్న ఏ ఆడమనిషినీ 'నువ్వు ఆడదానివి, పో' అని ఆపిన చట్టం ఇక్కడ లేదు. మనల్ని ఆపేవి వేరు, వాటి సంగతి చివర్లో.

అఫ్గానిస్తాన్‌కైతే ఇల్లే లేదు. వాళ్ల 'ఇంటి మ్యాచ్' మనతో 2019లో తజికిస్తాన్‌లోని దుషాన్బేలో, 2024లో సౌదీలోని అభాలో జరిగింది. అఫ్గాన్ అమ్మాయిల గతి మరీ దయనీయం. 2021లో తాలిబన్లు వచ్చాక దేశం వదిలి చాలామంది ఆస్ట్రేలియా చేరారు. 2025లో ఫిఫా వాళ్లకి శరణార్థి జట్టుగా ఆడే అవకాశం ఇచ్చింది. ఆ మ్యాచ్‌లు మొరాకోలో జరిగాయి.

మరి మన అమ్మాయిలకి?

మన ఆడపిల్లల జట్టుకి దేశం ఉంది, జెండా ఉంది. అర్హత పోటీలకి వచ్చేసరికి ఇల్లు మాత్రం అరుదు. ఆడవాళ్ల అర్హత పోటీల్లో తరచుగా గ్రూపు మొత్తాన్నీ ఒకే దేశంలో కొద్ది రోజుల్లోనే ఆడించేస్తారు. 2025లో అలాగే థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగింది. మంగోలియా మీద 13-0, తైమూర్ మీద 4-0, ఇరాక్ మీద 5-0. చివరికి జూలై 5న ఆతిథ్య జట్టు థాయిలాండ్‌నే వాళ్ల ఇంట్లో 2-1తో ఓడించారు. సంగీతా బస్ఫోర్‌వి రెండు గోల్స్. అర్హత పోటీలు ఆడి, గెలిచి ఆసియా కప్పుకి వెళ్లడం మన అమ్మాయిలకి అదే మొదటిసారి. ఆ జట్టులో మన తెలుగమ్మాయి, నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య కూడా ఉంది. ఇంట గెలవకుండానే రచ్చ గెలిచారు!

ఆ పోటీలకి ముందు వాళ్లు సాధన మ్యాచ్‌లు ఎక్కడ ఆడారో తెలుసా? బెంగళూరులోనే. 2024 డిసెంబరు 30న, 2025 జనవరి 2న మాల్దీవులతో, మే, జూన్‌లలో ఉజ్బెకిస్తాన్‌తో. అయితే కంఠీరవలో కాదు. నగరానికి ఉత్తరాన, యలహంక వైపున్న పదుకొనే-ద్రావిడ్ క్రీడా కేంద్రంలో. అది ప్రాథమికంగా శిక్షణ కేంద్రం. వేలమంది కూర్చునే స్టేడియం కాదు. మగవాళ్లకి సాల్ట్‌లేక్, ఆడవాళ్లకి శిక్షణ మైదానం!

నాకు మాత్రం ఇక్కడే ఒక అవకాశం కనిపిస్తోంది. యలహంక అంటే హిందూపురం రైలు దారిలోనే ఉంది. పెనుకొండ నుంచి రోడ్డున వస్తే దేవనహళ్లి దాటగానే ఆ వైపే. అనంతపురంలో ఆర్డీటీ క్రీడాగ్రామం ఏళ్లుగా పల్లె ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. ఆ పిల్లలు ఒక బస్సెక్కితే సౌమ్య ఆట కళ్లముందు చూడొచ్చు. ప్రపంచ కప్పు మైదానాల చుట్టూ బోర్డుల మీద మెరిసే కియా పేరు పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారయ్యే కార్ల మీదా ఉంది. ఒక బస్సుకి డీజిలు పోయించడం ఈ ప్రాంతంలో ఎవరికీ భారం కాదు.

ఇక మనల్ని ఆపేవాటి సంగతి. మ్యాచ్ రాత్రి ఏడుకో ఏడున్నరకో మొదలైతే అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. గేట్లలోంచి బయటపడి, మెజెస్టిక్ చేరి, బండి పట్టుకుని హిందూపురంలో దిగేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. ధర్మవరం వాళ్ల మాట చెప్పనే అక్కర్లేదు. "రాత్రిపూట యాడికి పోతావే?" అని ఇంట్లో అడిగితే అది చాదస్తం అనలేం. 2025 జూన్ 4న అదే బెంగళూరులో చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయాక ఏ తల్లికైనా గుండె దడ ఉంటుంది.

ఊరిని ఎంపిక చేసేటప్పుడు దీపాల వెలుగు కొలుస్తారు, పచ్చిక కొలుస్తారు. ఆడవాళ్ల గ్యాలరీ దగ్గర మరుగుదొడ్డికి తలుపు, నీళ్లు ఉన్నాయా, ఆట అయ్యాక ఎన్ని గంటల దాకా బస్సులున్నాయి అన్నది కూడా ఆ కాగితంలో రాయించాలి. ఆడపిల్లల మ్యాచ్‌ని సెలవు రోజున మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకి పెడితే ఇంకా మేలు. ఎండ తగ్గే డిసెంబరు, జనవరిల్లో బెంగళూరులో అది సాధ్యమే. అప్పుడు పొద్దున హిందూపురంలో టిఫిన్ చేసి బయల్దేరిన తల్లీ కూతుళ్లు, చద్దికట్టుగా తెచ్చుకున్న పులిహోర గ్యాలరీలో తిని, ఆట చూసి, సాయంత్రం బండికే తిరిగి ఇల్లు చేరొచ్చు.