సదరం శాతమే పని సామర్థ్యమా?

అపోహ: సదరం, అంటే వైకల్య నిర్ధారణ, ధ్రువపత్రంలో 75 శాతం వైకల్యం ఉంటే పనికి మిగిలేది పాతిక శాతమే.

వాస్తవం: మేధో వైకల్యం, ఆటిజం వంటి వికాస వైకల్యాలు, అంటే ఎదిగే వయసులోనే మొదలై జీవితాంతం ఉండే పరిమితులు, ఏ మేరకు ఉన్నాయో పింఛను, రిజర్వేషన్ల కోసం తేల్చేదే ఆ శాతం; ఏ పని, ఎవరు ఎలా నేర్పుతారు అన్నవి అందులో లెక్కకు రావు. పనిని చిన్న అంచెలుగా విడదీసి నేర్పితే, తీవ్ర మేధో వైకల్యం గల కౌమారులు సైతం సైకిల్ బ్రేకు భాగాలను సరిగ్గా బిగించగలరని అమెరికా పరిశోధకుడు మార్క్ గోల్డ్ 1970లలోనే చూపాడు.

అపోహ: శిక్షణ కేంద్రంలో పూర్తిగా సిద్ధమయ్యాకే పనిలో చేర్చాలి.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే. మేధో వైకల్యం ఉన్నవారికి ఒకచోట నేర్చినది మరోచోట అన్వయించుకోవడం కష్టం గనుక, తరగతి గదిలో కొవ్వొత్తులు పోయడం నేర్చిన విద్యార్థి నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గరి నూనె ప్యాకింగ్ యూనిట్‌లోనో, రొయ్యల శుద్ధి కర్మాగారంలోనో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుంది. అమెరికా చట్టం 1986లో గుర్తించిన 'తోడ్పాటుతో ఉపాధి' పద్ధతి ఈ వరుసనే తిరగేస్తుంది: ముందు పనిలో చేరుస్తారు; పక్కన నిలిచి అక్కడే నేర్పే శిక్షకుడు, తోటి కార్మికులు ఆ బాధ్యత అందుకున్న కొద్దీ తప్పుకుంటాడు. రొయ్యలను కౌంట్ వారీగా, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కన, వేరుచేసే చోట అంకెలు రాని యువతి కూడా రంగు చీటీ చూసి ట్రేలు పేర్చగలదు. చలి, నీచువాసన, యంత్రాల రొద భరించలేని ఆటిజం యువకుడికి ఆ చోటు తగకపోయినా, మేత గోదాములో పని నప్పవచ్చు. ఇది అక్కడికి తీసుకువెళ్లి చూస్తేనే తెలుస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 19వ సెక్షన్ మేధో, వికాస వైకల్యాలు ఉన్నవారికి కోరేది కూడా మార్కెట్‌తో చురుకైన సంబంధం గల ప్రత్యేక శిక్షణనే.

అపోహ: ఉపాధి సంగతి బడి ముగిశాక చూడవచ్చు.

వాస్తవం: 2016 చట్టం ప్రకారం ఉచిత విద్య హక్కు 18 ఏళ్ల వరకే. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, నేటి ఎన్‌ఐఈపీఐడీ, రూపొందించిన మదింపు పట్టికలో బడిలోనే పనికి సిద్ధం చేసే వృత్తిపూర్వ దశ ఉంది. ఆ దశలో నేర్పవలసినది కూలిపని కాదు; మైపాడు నుంచి నెల్లూరుకు ఒంటరిగా బస్సులో వెళ్లిరావడం, వేళకు చేరడం, నొప్పి కలిగితే నోటితోనో సైగతోనో చెప్పడం.

అపోహ: జీతం ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలి.

వాస్తవం: తన ఆర్థిక వ్యవహారాలను తానే చూసుకునే హక్కును అదే చట్టం 13వ సెక్షన్ ఇచ్చింది; తగిన తోడ్పాటు ఉన్నా నిర్ణయం తీసుకోలేనప్పుడు పరిమిత సంరక్షకత్వం, అంటే సంరక్షకుడు, ఆ వ్యక్తి కలిసి నిర్ణయించే ఏర్పాటు, 14వ సెక్షన్‌లో ఉంది.