పాత మిషన్ కోసిన మక్కలకు ధర కట్టేదెలా?

మొక్కజొన్న కుప్ప ముందు నిలబడిన ఖరీదుదారు ఒకప్పుడు "ఏ ఊరి సరకు?" అని అడిగేవాడు. తెలంగాణ యార్డులలో ఇప్పుడు దానికంటే ముందు వచ్చే ప్రశ్న "చేతి కంకులా, మిషన్ కోతా?" అన్నది. మిషన్ కోత అనగానే గింజను అరచేతిలోకి తీసుకోకుండానే క్వింటాలుకు కొంత తగ్గించి పాట మొదలుపెట్టే వారున్నారు. ఈ భయానికి కారణం లేకపోలేదు. అయితే మిషన్ కోత సరకంతా ఒకటే రకం కాదు. అన్నిటికీ ఒకే కోత విధించడం వల్ల నష్టపోయేది రైతు ఒక్కడే కాదు, కొన్నవాడు కూడా అన్నది లెక్క వేస్తే తేలుతుంది.

నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాలలో మక్కల కోత పద్ధతి మారడానికి ప్రధాన కారణం కూలీల కొరత. పాత పద్ధతిలో కంకులు చేతితో విరిచి, పొట్టు ఒలిచి, కల్లంలో కొన్నాళ్లు ఎండబెట్టి, ఆ తరువాత ట్రాక్టరుకు తగిలించిన మిషన్‌తో గింజ రాలగొట్టించేవారు. పని సాగేకొద్దీ గింజ తనంతట తానే ఆరేది. కోత మిషన్ ఈ పనులన్నిటినీ ఒక్క పూటలో చుట్టబెడుతుంది. ఎండే అవకాశం మాత్రం గింజకు ఉండదు.

తనంతట నడిచే కోత మిషన్లను మన దేశంలో పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 1980లో స్వరాజ్ పేరుతో తయారు చేసింది. ఆ తరువాత నాభా, భాద్‌సన్ వంటి పంజాబు పట్టణాలు ఈ మిషన్లకు పేరుపడ్డాయి. కొత్త మిషన్ ధర చిన్న రైతుకు అందేది కాదు. రెండెకరాల రైతు మిషన్ కొనడు, గంట లెక్కన అద్దెకు పిలుస్తాడు. అద్దెకు తిప్పేవారిలో అనేకులు కొన్ని సీజన్లు నడిచిన పాత మిషన్ కొని, వరి కోతలయ్యాక దానికే మక్కల తల తగిలించి ఊరూరా తిప్పుతుంటారు. యార్డుకు చేరే సరకు గుణం చాలావరకు ఇక్కడే నిర్ణయమైపోతున్నది.

తేమ లెక్క

మక్క గింజ పూర్తిగా ముదిరే నాటికి, అంటే గింజ అడుగున నల్లటి పొర కనిపించే నాటికి, అందులో ఇంకా 30 శాతానికి పైగా తేమ ఉంటుంది. మిషన్ కోతకు 20 నుంచి 22 శాతం అనువైన దశ. 25 దాటితే గింజ మెత్తగా ఉండి డ్రమ్ము కింద నలుగుతుంది. మరీ ఎండిపోతే కంకి తగలగానే గింజ చేనులోనే రాలుతుంది. ఇది పుస్తకాల మాట. చిన్న కమతం మాట వేరు. మిషన్ ఊళ్లోకి వచ్చిన రోజే కోత రోజు. రెండెకరాల కోసం అది మళ్లీ తిరిగి రాదు కనుక పక్క చేను ఎండినా, తన చేను పచ్చిగా ఉన్నా రైతు ఆ రోజే కోయించుకోవలసి వస్తున్నది.

ప్రభుత్వ కొనుగోలుకు తేమ పరిమితి 14 శాతం. 2025–26 మార్కెటింగ్ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. అంతకు ముందు సీజనులో అది 2,225. ఈ 2,400నే ప్రమాణంగా తీసుకుందాము. 22 శాతం తేమ ఉన్న క్వింటాలు మక్కలలో పొడి పదార్థం 78 కిలోలు. దానిని 14 శాతానికి ఆరబెడితే 90.7 కిలోలు మిగులుతాయి. తగ్గిన 9.3 కిలోలు నీరే. అంటే ఆ సరకుకు తగిన ధర 2,177. న్యాయమైన కోత 223 రూపాయలు. 18 శాతం తేమకు కోత 112, 25 శాతానికి 307. ఆరబెట్టే ఖర్చు, హమాలీ, పట్టాల అద్దె దీనికి అదనం.

కాంటా దగ్గర గుర్తుంచుకోదగిన సంఖ్య ఒకటే: 14 పైన ఒక్కొక్క శాతం తేమకు క్వింటాలుకు 1.16 కిలోల తరుగు, పై ధరలో సుమారు 28 రూపాయలు. శాతానికి కిలో చొప్పున తీసివేసే వాడుక ఉన్నచోట, 22 శాతం సరకు కొన్నవాడు క్వింటాలుకు కిలోంపావు నీటికి డబ్బు చెల్లిస్తున్నట్లే.

ఇప్పుడు "మిషన్ కోత" పేరుతో క్వింటాలుకు 300 తగ్గించే దుకాణాన్ని ఊహించుకుందాము. 18 శాతానికి ఆరబెట్టి 50 క్వింటాళ్లు తెచ్చిన రైతు ఆ దుకాణంలో 9,400 రూపాయలు అదనంగా పోగొట్టుకుంటాడు. రెండెకరాల రైతుకు ఇది చిన్న మొత్తం కాదు. అదే 25 శాతం పచ్చి సరకు తెచ్చినవాడికి మాత్రం ఏడు రూపాయలు కలిసివస్తుంది. వచ్చే ఏడు ఆ దుకాణానికి ఎవరి సరకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

డ్రమ్ము చేసే నష్టం

తేమను ఎండ తీసివేస్తుంది. విరిగిన గింజను ఎండ అతికించలేదు. వరికి, మక్కలకు డ్రమ్ము వేగం ఒకటి కాదు. మక్కలకు నిమిషానికి 400 నుంచి 600 చుట్లు చాలు. వరి కోతకు అంతకంటే బాగా ఎక్కువ వేగం పెడతారు. నిన్న వరి కోసిన మిషన్‌కు తల మార్చి, డ్రమ్ము వేగం మార్చకుండా మక్కలలోకి దింపితే సగం నూక అవుతుందనడం అతిశయోక్తి కావచ్చు గాని, అంకురం దగ్గర చెక్కిన గింజ బస్తా నిండా కనిపించడం ఖాయం. డ్రమ్ముకు, దాని కింది జల్లెడ తొట్టికి మధ్య సందు కూడా మక్కలకు వెడల్పుగా ఉండాలి.

పాత మిషన్లలో డ్రమ్ము పట్టీలు అరిగిపోయి గింజ సరిగా రాలదు. డ్రైవరు దానికి చేసే వైద్యం వేగం పెంచడం, లేదా సందు బిగించడం. రెండింటి ఫలితమూ నూకే. పట్టీలు మార్పించడానికి అయ్యే ఖర్చు మిషన్ యజమానిది, నూక వల్ల వచ్చే కోత రైతుది కావడమే ఇక్కడి చిక్కు. పాత మిషన్ చెడ్డదని దీని అర్థం కాదు. పట్టీలు మార్చి, గింజ పైకెత్తే గొలుసు బిగించి, వేగం తగ్గించి నడిపితే పదేళ్ల మిషన్ కూడా నికార్సైన సరకు ఇస్తుంది.

కంటికి కనపడని పగులు మరొకటి ఉన్నది. గింజను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే లోపల వెంట్రుక వంటి గీత కనిపిస్తుంది. ఇటువంటి గింజ యార్డులో బాగానే ఉండి, రెండు మూడు చేతులు మారి గోదాముకు చేరేసరికి విరుగుతుంది. నూక, పొడి చేరిన కుప్పలో గాలి ఆడదు. వేడి పుట్టి బూజు పడుతుంది. కోళ్ల దాణా మిల్లులు ఆఫ్లాటాక్సిన్ విషం విషయంలో పట్టుదలగా ఉండటానికి కారణం ఇదే.

చేనులో రాలిన గింజను యార్డు లెక్కలోకి తీసుకోదు, కాని రైతు తీసుకోవాలి. మిషన్ పోయిన వెనుక చదరపు మీటరు నేలలో 20 గింజలు కనిపిస్తే ఎకరాకు సుమారు 24 కిలోలు పోయినట్లు. సాళ్ల దూరం మిషన్ తలకు కుదరకపోతే కంకులకు కంకులే పడిపోతాయి. చిన్న మడులలో గట్ల దగ్గర మలుపులలో ఈ నష్టం ఎక్కువ. మొదటి రెండు సాళ్లు కోయగానే మిషన్ ఆపించి నేల చూసుకున్న రైతుకు అద్దె గంటలో అయిదు నిమిషాలు పోవచ్చు. ఎకరా అంతటి నష్టం తప్పుతుంది. ఇక పశువులున్న ఇంటికి చొప్ప దెబ్బ వేరు: మిషన్ దానిని నలిపి చల్లుతుంది, మోపులు కట్టడానికి వీలుండదు.

నమూనా ఎక్కడ తీయాలి?

కుప్ప పైపొర ఎండకు ఆరి ఉంటుంది. పైన చేయి పెట్టి 15 అన్న మీటరు, నడుమ 19 చూపడం వింత కాదు. కుప్ప నాలుగు వైపుల నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలిపిన నమూనానే నమ్మాలి. ఎండలో వేడెక్కిన గింజను వెంటనే మీటరులో పోయకుండా కొద్దిసేపు నీడన ఉంచితే అంకె నిలకడగా వస్తుంది. తేమ, నూక, చెత్త ఈ మూడింటికీ వేరువేరుగా కోత చెప్పడం మంచి పద్ధతి. తేమకు ఎంత పోయిందో, నూకకు ఎంత పోయిందో విడిగా తెలిసిన రైతు వచ్చే సీజనులో మిషన్ యజమానిని నిలదీయగలుగుతాడు.

వానాకాలపు పంటకు సెప్టెంబరు, అక్టోబరు వానలు, యాసంగి పంటకు మార్చి, ఏప్రిల్ వడగళ్లు ఉన్నందున ఆరబోత ఎల్లప్పుడూ రైతు చేతిలో ఉండదు. 20 శాతం తేమతో బస్తాలకెత్తిన సరకు ఒకటి రెండు రోజులలోనే వేడెక్కడం మొదలుపెడుతుంది కనుక, లారీ దొరికేదాకా యార్డులో దొంతి పెట్టి ఉంచడం సాహసమే.

చెరకు రసంతో ఇథనాల్ తయారీపై 2023 డిసెంబరులో కేంద్రం ఆంక్షలు పెట్టిన తరువాత మక్కలకు కొత్త గిరాకీ పుట్టింది. డిస్టిలరీకి నూక పెద్ద అభ్యంతరం కాదు, అది ఎలాగూ పిండి చేసుకునేదే. బూజు మాత్రం పనికిరాదు. స్టార్చి మిల్లుకు, దాణా మిల్లుకు గట్టి గింజ కావాలి. అందువలన పొడిగా ఉండి నూక ఎక్కువైన సరకును ఒకవైపు, నూక లేకుండా తేమ ఉన్న సరకును ఆరబెట్టి మరొకవైపు పంపే వీలు కమీషన్ ఏజెంటుకు ఉన్నది. రెండూ కలిపి ఒకే లారీకి ఎత్తినవారికి మిల్లు గేటు దగ్గర సరకు తిరస్కరిస్తే, తిరుగు కిరాయి ఎవరిదన్న తగాదా మిగులుతుంది.