గ్రామ రచయితలు - ఇ-పుస్తక ప్రచురణ

మన గ్రామములలో రచయితలు లేకపోలేదు. ఒకచోట విశ్రాంత ఉపాధ్యాయుడు ఊరి చరిత్ర వ్రాసియుంచును. మరియొకచోట అనుభవశాలియగు రైతు తాను నేర్చిన సేద్యపు మెలకువలను నోటుపుస్తకమున పొందుపరచును. అచ్చు ఖర్చు భరింపజాలక ఇట్టి వ్రాతప్రతులు పెట్టెలలోనే చెదలపాలగుచున్నవి. 1821లో దివంగతుడైన కాలిన్ మెకంజీ గ్రామ కైఫియత్తులను సేకరింపజేయకున్నచో, అనేక గ్రామముల పూర్వవృత్తాంతము మనకు దక్కెడిది కాదు. వ్రాసినంతమాత్రమున చాలదు, వ్రాసినది నలుగురికి అందినప్పుడే నిలుచును.

ఇందులకు నేడు ఇ-పుస్తకము ఒక సులభోపాయము. కాగితము, కుట్టు, అట్ట లేకుండ ఫోనులోగాని కంప్యూటరులోగాని చదువదగిన గ్రంథమే ఇ-పుస్తకము. రచయిత దానిని ఇంటర్నెట్టు ద్వారా విక్రయసంస్థకు పంపి, వెల తానే నిర్ణయించును. పాఠకులు కొన్న ప్రతులపై సంస్థ తన భాగము మినహాయించుకొని, మిగిలినది రచయిత బ్యాంకు ఖాతాలో జమచేయును. ముందుగా ప్రతులు అచ్చువేసి నిలువచేయవలసిన పనిలేదు.

మొదట సరిచూడవలసినది అక్షరములు. అచ్చుపనికి వాడుకలోనున్న అను వంటి ఫాంట్లలో కూర్చిన పాఠము ఇతరుల ఫోనులలో అర్థముకాని గుర్తులుగా కనిపింపవచ్చును. దానిని యూనికోడ్‌లోనికి మార్పించి, ఒత్తులు, గుణింతములు చెడలేదని ఆద్యంతము చదివి చూడవలెను. పి.డి.ఎఫ్.లో పుట మారదు గనుక చిన్న ఫోనులో చదువుట కష్టము. ఈపబ్ రూపమున పాఠకుడు అక్షరములను తన కంటికి తగినట్లు పెంచుకొనవచ్చును.

రెండవది సంస్థను ఎంచుకొనుట. అమెజాన్ వారు 2016లో తమ కిండిల్ ప్రచురణను హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు తెరచినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. కావున సంస్థ తెలుగు గ్రంథమును స్వీకరించునా అని ముందుగానే విచారింపవలెను. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకములు లభించుచున్నవి. 2014లో బెంగుళూరున స్థాపితమైన ప్రతిలిపిలో రచయితలు రుసుము లేకుండ తెలుగు రచనలను ప్రకటించుకొనుచున్నారు. రచయితకు వచ్చు భాగమును కూడ విచారింపవలెను. 60 రూపాయల పుస్తకముపై 35 శాతమైనచో 21 రూపాయలు, 70 శాతమైనచో 42 రూపాయలు వచ్చును. ఇతర తగ్గింపులున్నచో ఇంకను తగ్గును.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, హక్కు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచన జరిగిన వెంటనే హక్కు రచయితకు సంక్రమించును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును అది చెల్లును. పుస్తకము వేసిపెట్టెదమని సొమ్ము తీసికొని, హక్కులు కూడ వ్రాయించుకొను మధ్యవర్తులు కలరు. ఏ హక్కు, ఎంతకాలము, ఏ ప్రాంతమునకు, ఎంత ప్రతిఫలమునకు ఇచ్చుచున్నామో చూడక సంతకము చేయరాదు. హక్కుల బదిలీ పత్రములో గడువు లేనిచో చట్టము దానిని 5 సంవత్సరములుగా భావించును. కాని హక్కు ఉన్నంతకాలము అని వ్రాసియున్నచో ఈ రక్షణ దొరకదు. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను రాజా రామమోహన రాయ్ జాతీయ సంస్థ ఉచితముగా ఇచ్చుచున్నది. అందుకై సొమ్మడుగువారిని గట్టిగా ప్రశ్నింపవలెను.

ఇ-పుస్తకము రచయితను ధనవంతుని చేయునని మేము చెప్పుట లేదు. ప్రచురించినంతనే పాఠకులు రారు. బంధుమిత్రులకు, పట్టణములకును విదేశములకును వెళ్లిన ఊరివారికి తెలియజేయవలెను. ఇచ్చటనే పంచాయతీ సభ్యుల సహాయము అవసరము. మీ గ్రామమున వ్రాతప్రతులు ఎవరి ఇంట నున్నవో విచారింపుడు. కంప్యూటరు తెలిసిన యువకులను వృద్ధ రచయితలకు జతపరపుడు. ఒప్పందములను చదువరులచేత చదివించిన పిదపనే సంతకము చేయుమని హెచ్చరింపుడు. ఫోనులో చదువలేనివారికై ఒక ప్రతిని కాగితముపై తీయించి గ్రంథాలయమున ఉంచుడు. ఇంటిపన్నుతో గ్రంథాలయ సెస్సు వసూలుచేయు పంచాయతీకి ఈ పని పరాయిది కాదు. చెదలు పట్టకముందే ఆ పెట్టెలు తెరువబడుగాక!