బూరలు తొడిగిన మౌత్ ఆర్గన్

జర్మనీ దేశమున ట్రొసింగెన్ అను చిన్న పట్టణము కలదు. అచట మథియాస్ హోనర్ అను గడియారముల పనివాడు 1857లో మౌత్ ఆర్గనుల తయారీకి పూనుకొని, తొలి సంవత్సరమున 650 వాద్యములను చేసెను. జేబులో ఇమిడి, పేదవాని చేతికి సైతము అందిన ఈ వాద్యమునకు లోపము ఒక్కటే: దాని గొంతు చిన్నది.

ఆ గొంతును పెంచవలెనని హోనర్ సంస్థవారు 20వ శతాబ్ది తొలినాళ్లలో ‘ట్రంపెట్ కాల్’ అను వింత వాద్యమును వెలువరించిరి. మౌత్ ఆర్గన్‌కు ఒక కొయ్యపెట్టెను అమర్చి, దానినుండి ఐదు ఇత్తడి బూరలను వెలికి నిలిపిరి. చూచువారికి అది పిల్లలకై చేసిన బాకాల మేళమువలె తోచును.

ఇందలి శాస్త్రము మాత్రము ఆటవస్తువు కాదు. ఊపిరి రంధ్రమున దూరగానే సన్నని ఇత్తడి నాలుక అదరును. అదరుచు గాలిదారిని మాటిమాటికి మూయుచు, తెరచుచు నుండును. అట్లు తెగి తెగి వెలువడు గాలియే నాదము. మన నాటకరంగమున చిరపరిచితమైన హార్మోనియమునందును పద్ధతి ఇదియే. అయితే ఇరుకు రంధ్రమునుండి వెడలిన శబ్దము విశాలమైన బయటి గాలిని చక్కగా కదిలింపజాలదు. క్రమముగా వెడల్పగు బూర ఈ రెంటి నడుమ వంతెనయై, శబ్దమును ముందునకు నడుపును. బూర తనంతట బలమును పుట్టింపదు; ఊపిరి ఇచ్చినదానిని వృథా కానీయక అందించును. వీణతీగకు కుండ చేయునదియు ఈ కోవలోని ఉపకారమే.

అయినను లోకమున నిలిచినది బూరలు లేని మౌత్ ఆర్గనే. బూర ఆకారము మారదు. వాదకుని అరచేతులు క్షణక్షణము మారగలవు. చేతులను దొప్పవలె మూసినచో నాదము మూగవోవును, తెరచినచో విచ్చుకొనును. 1952లో షికాగో వాదకుడు లిటిల్ వాల్టర్, మైకును మౌత్ ఆర్గనును కలిపి దోసిట బంధించు పద్ధతితో ‘జూక్’ అను వాద్యగీతమును రికార్డు చేసెను. అది అమెరికాలోని రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ప్రథమస్థానము నందుకొన్నది. విద్యుత్తు వచ్చిన పిదప కూడ చేతుల పని ముగియలేదు.

ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలోనే చూపవచ్చును. దళసరి కాగితమును గరాటువలె చుట్టి మౌత్ ఆర్గన్ వెనుక పట్టుడు. తరువాత దానిని తీసి, దోసిలి మూయుచు తెరచుచు వాయింపుడు. మొదటిది నాదమును దూరమునకు పంపును. రెండవది దానికి పలుకు నేర్పును.