ఇల్లు కట్టేటప్పుడు చెట్టును కాపాడుకుందాం

స్థలంలో తాతలనాటి వేపచెట్టు ఉంటుంది. దాన్ని కొట్టకుండానే ఇల్లు కట్టుకుంటారు. సంతోషమే. కానీ గృహప్రవేశమైన రెండు మూడేళ్లకు చెట్టు ఎండిపోవచ్చు. తెగులని అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం ఇల్లు కట్టిన రోజుల్లోనే ఉంటుంది.

చదువరులారా, చెట్టుకు నీరు, సారం అందించే సన్నని వేర్లు చాలావరకు పై 2 అడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. అక్కడ ఇసుక లారీ తిరిగినా, ఇటుకలు పేర్చినా నేల గట్టిపడి వేర్లకు గాలి ఆడదు. మెరక చేయడానికి మట్టి పోసినా అంతే. సిమెంటు కడిగిన నీళ్లు కూడా హాని చేస్తాయి.

కనుక పునాదికి ముగ్గు పోయకముందే చెట్టు చుట్టూ కంచె కట్టండి. మాను అడ్డంగా 1 అడుగు ఉంటే, అన్నివైపులా 12 అడుగులు వదలడం మేలు. అంత చోటు లేకపోతే, అటువైపు పొడవునా పునాది తవ్వకుండా స్తంభాల మీద కట్టవచ్చేమో ఇంజనీరును అడగండి. అడ్డొచ్చిన చిన్న వేరును యంత్రంతో పీకించక, రంపంతో నున్నగా కోయించండి. లావు వేర్లు తెగితే మాత్రం చెట్టు గాలివానకు ఇంటిమీదే కూలవచ్చు. అలాంటప్పుడు ప్లానునే కాస్త జరపండి.

కొట్టక తప్పదనుకున్నా, మినహాయింపు ఉన్న జాతి కాకపోతే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి.

కంచెకు కొన్ని వెదుళ్లు చాలు. పోయిన నీడ మళ్లీ రావాలంటే ఒక తరం పడుతుంది.